ఏ పషూరు? ఏ హనన్యా?

యిర్మీయా గ్రంథంలో యిర్మీయాలు ముగ్గురున్నారు. ఈ మాట చర్చిలో ఎవరితోనైనా అంటే ముందు నవ్వుతారు, తర్వాత బైబిలు తెరుస్తారు, తెరిస్తే ముగ్గురూ దొరుకుతారు. ఒకరు మనకి తెలిసిన ప్రవక్త, అనాతోతు యాజకుల్లో ఒకడైన హిల్కీయా కొడుకు. రెండో ఆయన 35వ అధ్యాయంలో ఉంటాడు, రేకాబీయుల్లో యజన్యా అనే ఆయనకి తండ్రి, హబజ్జిన్యాకి కొడుకు. అంటే ప్రవక్త యిర్మీయా పోయి ఇంకో యిర్మీయా కొడుకుని, వాళ్ళ వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని మందిరంలో ఒక గదిలో కూచోబెట్టి ద్రాక్షారసం ముందు పెడితే, మా పెద్దాయన తాగొద్దన్నాడు, మేం తాగం అన్నారన్నమాట. మూడో ఆయన ఆఖరి అధ్యాయం మొదటి వచనంలో ఒక్కసారి కనపడి పోతాడు, లిబ్నా ఊరి యిర్మీయా, యూదా ఆఖరి రాజు సిద్కియా తల్లి హమూటలుకి తండ్రి. రాజుగారి తాత పేరూ యిర్మీయానే, రాజుగారు అధిపతులకి భయపడి చాటుగా పిలిపించుకుని మాట్లాడే ప్రవక్త పేరూ యిర్మీయానే.

నాకు ఈ చిన్న పేర్ల పిచ్చి ఎప్పట్నుంచో ఉంది. "ఫలానా కుమారుడైన ఫలానా" అని వచ్చిందంటే చాలామందికి అక్కడ కళ్ళు జారిపోతాయి, నావి అక్కడే ఆగిపోతాయి, ఒక నోట్‌బుక్కు పెట్టుకుని పేరు, తండ్రి పేరు, ఊరు, పని, ఏ రాజు కాలం అని గీతలు కొట్టి రాసుకుంటా. ఇంట్లో వాళ్ళు ఓటర్ల లిస్టు తయారు చేస్తున్నావా అంటారు. అననీ. ఈ పిచ్చి వల్ల నాకు ఒక కోపం కూడా వచ్చి పడింది, ఆ కోపమే ఇక్కడ కక్కుతున్నా. ఒకే పేరు రెండుచోట్ల కనపడగానే ఆ ఇద్దర్నీ కలిపి ఒక్క మనిషిని చేసేసి, ఆ మనిషి చుట్టూ కథ అల్లేసి, ఆ కథ మీద ఓ గంట ప్రసంగం చెప్పేసే అలవాటు మనలో బాగా పెరిగిపోయింది. నేననేది ఏంటంటే, బైబిల్లో ఒకే పేరుతో ఇద్దరు కనపడితే, ఒకరే అని లేఖనంలోనే ఆధారం దొరికేదాకా ఇద్దరని అనుకోవాలి. మనం చేస్తున్నది తలకిందులు, ఒకరే అనుకుని మొదలుపెడతాం, కాదని నిరూపించే బాధ్యత ఎదుటివాడి మీద పడేస్తాం.

అసలు ఆ కాలం యూదాలో ఇన్ని పేర్లు ఎందుకు కలుస్తాయో చూడండి. ఇంటిపేర్లు లేవు. దేవుడి పేరు కలిపి పెట్టుకునే పేర్లు ఫ్యాషనో భక్తో రెండూనో, హనన్యా, షెమయా, సిద్కియా, గెమర్యా, షెలెమ్యా, మయశేయా, జెఫన్యా, అన్నీ ఆ చివరి "యా"తోనే. పైగా యెరూషలేములో రాసుకునేవాళ్ళు, రాజనగరులో తిరిగేవాళ్ళు, యాజకులు అంతా కొన్ని కుటుంబాల వాళ్ళే. అందుకని తండ్రి పేరు చెప్తారు, లేకపోతే ఊరు, లేకపోతే ఉద్యోగం. మన స్కూల్లో ముగ్గురు రవిలుంటే టీచరు కె. రవి, ఎం. రవి అని పిల్చినట్టే. అదీ లేకపోతే నెంబరు. మొదటి దినవృత్తాంతాలు 12లో దావీదు దగ్గరికి వచ్చిన గాదీయుల లిస్టు చదవండి, 11 మంది యోధులు, అందులో అయిదోవాడు యిర్మీయా, పదోవాడు యిర్మీయా. తండ్రుల పేర్లు ఇవ్వలేదు, అయినా ఆ రాసినాయన ఇద్దర్నీ విడివిడిగా లెక్కపెట్టాడు. మనం ఆ మాత్రం శ్రద్ధ కూడా పెట్టట్లేదు.

ముందు పషూరు దగ్గరికి రండి, ఎందుకంటే మోసం అక్కడే ఎక్కువ జరుగుతుంది. 20వ అధ్యాయంలో పషూరు యాజకుడు, మందిరంలో పెద్ద అధికారి, యిర్మీయాని కొట్టించి బెన్యామీను గుమ్మం దగ్గర బొండలో, అంటే కదలకుండా బిగించే కొయ్యలో, వేయిస్తాడు. మర్నాడు విడిపిస్తే యిర్మీయా ఆయన పేరే మార్చేసి మాగోర్ మిస్సాబీబ్, అంటే చుట్టూ భయం, అంటాడు, నువ్వూ నీ ఇంటివాళ్ళూ బబులోనుకి పోతారు అక్కడే చస్తారు అంటాడు. పేజీ తిప్పితే 21వ అధ్యాయం, సిద్కియా రాజు పషూరుని యిర్మీయా దగ్గరికి పంపుతాడు, బబులోను రాజు నెబుకద్రెజరు మన మీదికి వచ్చాడు కాస్త దేవుణ్ణి అడిగి చెప్పు అని. ఒకసారి దీని మీద ప్రసంగం విన్నా, చెప్పినాయన ఎవరనేది అనవసరం, నిన్న బొండలో వేసినవాడే ఇవాళ చేతులు కట్టుకుని వచ్చాడు చూశారా, దేవుడు శత్రువుల తలలు ఎలా వంచుతాడో అని. జనం హల్లెలూయాలు కొట్టారు. నిజంగానే అద్భుతమైన సీను. కానీ 20లో ఉన్నది ఇమ్మేరు కొడుకు పషూరు, 21లో ఉన్నది మల్కీయా కొడుకు పషూరు. ఇమ్మేరు, మల్కీయా అనేవి రెండు వేరు వేరు యాజక వంశాల పేర్లు కూడా, దినవృత్తాంతాల్లో మందిర సేవకి దావీదు యాజకుల్ని పంచిన 24 వంతుల్లో మల్కీయాది అయిదోది, ఇమ్మేరుది పదహారోది. రెండు అధ్యాయాలకి మధ్య ఏళ్ళ దూరం కూడా ఉంది, గ్రంథం కాలక్రమంలో లేదు, 21వ అధ్యాయం ముట్టడి నాటిది, అంటే క్రీ.పూ. 588 ప్రాంతం.

సరే ఇద్దర్ని కలిపేస్తే నష్టమేంటి అంటారా, 38వ అధ్యాయం దాకా చదవండి. యిర్మీయాని చంపెయ్యాలి అని రాజు దగ్గరికి వెళ్ళిన నలుగురి పేర్లు మొదటి వచనంలోనే ఉన్నాయి: మత్తాను కొడుకు షెఫట్య, పషూరు కొడుకు గెదల్యా, షెలెమ్యా కొడుకు యూకలు, మల్కీయా కొడుకు పషూరు. వీళ్ళే ఆయన్ని తాళ్ళతో బురద గోతిలోకి దింపించారు. ఆ "చేతులు కట్టుకుని వచ్చిన" పషూరు ఇతనే. తల వంచడం లేదు ఏమీ లేదు, రాజు పంపితే వచ్చాడు, అవకాశం దొరగ్గానే గోతిలో వేయించాడు. కలిపేసిన ప్రసంగంలో పశ్చాత్తాపం వచ్చింది, లేఖనంలో ఉన్నది దానికి సరిగ్గా ఎదురు. ఇంకో సంగతి, ఆ ఒక్క వచనంలోనే పషూరు పేరు రెండుసార్లు ఉంది, ఒకసారి గెదల్యా తండ్రిగా, ఒకసారి మల్కీయా కొడుకుగా. ఆ గోయి కూడా రాజకుమారుడైన మల్కీయాది అని రాసుంది, ఆ మల్కీయా పషూరు నాన్నే అని ఎవరైనా అంటే నేను ఆశ్చర్యపోను, అలాంటివి వినీ వినీ అలవాటైపోయింది.

ఇప్పుడు హనన్యా. ఇది ఇంకా రుచిగల కేసు, ఎందుకంటే ఇక్కడ కలిపే పని మనకంటే వందల ఏళ్ళ ముందే యూదుల వ్యాఖ్యాతలు చేసి పెట్టారు.

28వ అధ్యాయం కథ తెలిసిందే అయినా కొంచెం నెమ్మదిగా చదవండి. సిద్కియా ఏలుబడిలో నాలుగో ఏడు, అయిదో నెల. గిబియోను ఊరివాడు, అజ్జూరు కొడుకు హనన్యా, మందిరంలో అందరిముందు నిలబడి, రెండేళ్ళలో నెబుకద్రెజరు కాడి విరిగిపోతుంది, తీసుకెళ్ళిన పాత్రలన్నీ తిరిగొస్తాయి, చెరపోయిన రాజు కూడా వచ్చేస్తాడు అంటాడు. యిర్మీయా మెడ మీద అప్పటికే కాడి ఉంది, బబులోనుకి లొంగండి అనడానికి గుర్తుగా వేసుకున్నది. ఆయన ఏమంటాడో చూడండి, ఆమేన్ అంటాడు, దేవుడు అలాగే చేయుగాక అంటాడు, కానీ సమాధానం అని చెప్పిన ప్రవక్త మాట నెరవేరాకే వాణ్ణి దేవుడు పంపాడని తెలుస్తుంది అంటాడు. హనన్యా ఆయన మెడ మీంచి కాడి లాగి విరిచేస్తాడు. యిర్మీయా మాట్లాడకుండా తన దారిన వెళ్ళిపోతాడు. ఆ ఒక్క ముక్క, వెళ్ళిపోయాడు అనేది, నాకు ఈ గ్రంథం మొత్తంలో చాలా ఇష్టం, నోట్లో అప్పుడే జవాబు లేదు, రాలేదు కాబట్టి కల్పించి చెప్పలేదు. తర్వాత దేవుడి మాట వచ్చాక తిరిగొచ్చి చెప్తాడు, కొయ్య కాడి విరిచావు దాని బదులు ఇనప కాడి వస్తుంది, నువ్వు ఈ ఏడే చస్తావు అని. ఏడో నెలలో హనన్యా చచ్చిపోయాడు. రెండేళ్ళు అన్నవాడికి రెండు నెలలు దక్కాయి.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ 37వ అధ్యాయంలో, బబులోను సైన్యం కాసేపు ముట్టడి వదిలి వెనక్కి తగ్గినప్పుడు, యిర్మీయా బెన్యామీను దేశానికి పోదామని బయల్దేరి గుమ్మం దగ్గరికి వస్తే కావలి అధికారి పట్టుకుంటాడు, నువ్వు కల్దీయుల్లో, అంటే బబులోను వాళ్ళలో, చేరడానికి పోతున్నావు అని. ఆ అధికారి పేరు ఇరీయా, షెలెమ్యా కొడుకు, హనన్యా మనవడు. అదిగో! హనన్యా మనవడు! పాత యూదుల వ్యాఖ్యానాల్లో దీన్ని పట్టుకుని మొత్తం పగ కథ కట్టారు, అబద్ధ ప్రవక్త హనన్యా చచ్చిపోతూ కొడుకు షెలెమ్యాకి చెప్పాడంట, యిర్మీయా మీద పగ తీర్చుకో అని, షెలెమ్యా తన కొడుకు ఇరీయాకి చెప్పాడంట, గుమ్మం దగ్గర కాచుకుని కూచో అని. ఇంకా గమ్మత్తు ఏంటంటే, హనన్యా నిజానికి ఏడో నెలతో మొదలయ్యే యూదుల కొత్త సంవత్సరానికి ముందురోజే పోయాడని, యిర్మీయా మాట అబద్ధం చెయ్యడానికి ఇంట్లోవాళ్ళని శవం దాచిపెట్టి పండగయ్యాక బయటికి తియ్యమన్నాడని, అందుకే "ఈ ఏడే" అన్నది "ఏడో నెల" అయిందని కూడా చెప్పారు. కథగా దీనికి దణ్ణం పెట్టాలి. మూడు తరాల పగ, శవం దాచడం, కాపలా, ఏ వెబ్ సిరీస్ వాడికైనా రెండు సీజన్లకి సరిపోతుంది.

న్యాయంగా చెప్పాలంటే అసాధ్యం కూడా కాదు. హనన్యా పోయింది క్రీ.పూ. 594-593లో, ఇరీయా యిర్మీయాని పట్టుకుంది 588-587లో, హనన్యా ముసలివాడైతే మనవడు కావలి అధికారి అయ్యుండొచ్చు. గిబియోను కూడా బెన్యామీను ప్రాంతంలోదే. కానీ ఆ ఒక్క తరంలో హనన్యాలు ఎంతమందో చూడండి. అజ్జూరు కొడుకు హనన్యా. ఇరీయా తాత హనన్యా. 36వ అధ్యాయంలో, సిద్కియా కంటే ముందు ఏలిన యెహోయాకీము కొలువులో సిద్కియా అనే అధిపతి ఉన్నాడు, అతని తండ్రి హనన్యా. అదే రోజుల్లో బబులోనుకి తీసుకెళ్ళిన దానియేలు స్నేహితుల్లో ఒకడు హనన్యా, మనం షద్రకు అని పిలుచుకునే ఆయన. ఇవి బైబిల్లో ఉన్నవి. బైబిలు బయటికొస్తే, 1960ల్లో అరాదు కోటలో యోహానాన్ అహరోనీ తవ్విస్తే దొరికిన కుండ పెంకుల ఉత్తరాల్లో ఒకదాంట్లో, ఎల్యాషీబు అనే కోట అధికారికి రాస్తూ, హనన్యా నిన్ను బెయేర్షెబాకి పంపుతున్నాడు, గాడిదల మీద సరుకు కట్టుకుని పో అని ఉంది.

అంతకన్నా గమ్మత్తు గిబియోనులోనే ఉంది. ఇప్పటి ఎల్ జీబ్ అనే ఊరు. అక్కడ 1956 నుంచి జేమ్స్ ప్రిచార్డ్ తవ్వకాలు చేశాడు, రాతిలో కిందికి తొలిచిన 63 ద్రాక్షారసపు గదులు బయటపడ్డాయి, జాడీల పిడుల మీద గీకిన రాతలు బయటపడ్డాయి. ఆ పిడుల మీద ముందు గిబియోను అని ఊరి పేరు, తర్వాత మనిషి పేరు. కొన్నిటి మీద అజర్యా, కొన్నిటి మీద అమర్యా, కొన్నిటి మీద హనన్యా. గిబియోను హనన్యా! మన ప్రసంగీకుడి చేతికి ఈ పిడి దొరికితే ఏమవుతుందో ఊహించుకోండి, అబద్ధ ప్రవక్త హనన్యా అసలు సారా వ్యాపారి అని వచ్చే ఆదివారానికి టైటిల్ రెడీ. ఆ పిడి మీద అజ్జూరు పేరు లేదు, ప్రవక్త అనీ లేదు. ఆ ఊళ్ళో ద్రాక్షారసం జాడీలకి పేరు రాయించుకున్న హనన్యా ఒకాయన ఉన్నాడు, అంతే, ఆయన జీవితం ఆయనది. గిబియోనులాంటి చిన్న ఊళ్ళోనే ఆ పేరు మళ్ళీ తగిలిందంటే, ఇరీయా తాత కచ్చితంగా కాడి విరిచినవాడే అని ఏ ధైర్యంతో చెప్తాం?

లాకీషు ఉత్తరాల సంగతి ఇంకో రకం. ఇక్కడ కలిపింది పండితుడు. 1935లో జేమ్స్ స్టార్కీ తవ్విస్తుంటే లాకీషు కోట గుమ్మం దగ్గర కాలిన పొరలో సిరాతో రాసిన కుండ పెంకులు దొరికాయి, యిర్మీయా 34లో చివరిదాకా నిలబడ్డ కోటలుగా లాకీషు, అజేకా పేర్లు ఉన్నాయి కదా, సరిగ్గా ఆ రోజులవి. వాటిని చదివి 1938లో ప్రచురించిన హ్యారీ టోర్చినర్, మూడో ఉత్తరంలో ఎల్నాతాను కొడుకు కొన్యా అనే సేనాపతి ఐగుప్తుకి వెళ్ళాడని ఉండటం, అందులోనే "ప్రవక్త" అనే మాట కూడా ఉండటం చూసి, ఇది ఊరియా ప్రవక్త కథే అన్నాడు. ఊరియా ఎవరంటే యిర్మీయా 26లో వస్తాడు, కిర్యత్యారీము ఊరివాడు, షెమయా కొడుకు, యిర్మీయాలాగే మాట్లాడాడు, యెహోయాకీము చంపాలని చూస్తే ఐగుప్తుకి పారిపోయాడు, అక్బోరు కొడుకు ఎల్నాతాను మనుషుల్ని వేసుకుని పోయి పట్టుకొచ్చాడు, రాజు కత్తితో చంపించి శవాన్ని సామాన్యుల సమాధుల్లో పారేయించాడు. ఐగుప్తు, ఎల్నాతాను, ప్రవక్త, మూడూ కలిశాయి. కానీ ఊరియా చచ్చిపోయింది యెహోయాకీము కాలంలో, ఉత్తరాలు సిద్కియా కాలం చివర్లోవి, మధ్యలో పదేళ్ళ పైనే తేడా. పైగా ఐగుప్తుకి పోయినవాడు ఒకచోట ఎల్నాతాను, ఇంకోచోట ఎల్నాతాను కొడుకు. టోర్చినర్ హీబ్రూలో మహా దిట్ట, ఆ పెంకుల మీద చెరిగిపోయిన అక్షరాలు చదవడమే గొప్ప, అయినా పేరు కనపడగానే చెయ్యి ఆగలేదు.

అదే లాకీషు మొదటి పెంకు మీద ఉత్తరం లేదు, ఉత్త పేర్ల లిస్టు. అయిదు పేర్లు, ప్రతిదానికీ తండ్రి పేరు. రెండో ఆయన యజన్యా, మూడో ఆయన తండ్రి కూడా యజన్యా. అయిదో ఆయన నేరీయా కొడుకు మత్తన్యా, వెంటనే మనకి యిర్మీయా మాటలు రాసిపెట్టిన నేరీయా కొడుకు బారూకు గుర్తొస్తాడు, తమ్ముడేమో అని చెయ్యి దురద పెడుతుంది. నాలుగో ఆయన మిబ్తహ్యా, యిర్మీయా కొడుకు. ఇక్కడ మాత్రం మనకి లేఖనమే తాళం వేసింది, 16వ అధ్యాయంలో దేవుడు ప్రవక్తకి నువ్వు పెళ్ళి చేసుకోవద్దు, కొడుకులూ కూతుళ్ళూ వద్దు అని చెప్పాడు. ఆ ఒక్క వచనం లేకపోతే ఈపాటికి లాకీషులో యిర్మీయా కొడుకు సైనికుడిగా పని చేశాడని ఎన్ని వీడియోలు వచ్చుండేవో.

దీనివల్ల ఆత్మీయంగా ఏం లాభం బ్రదర్ అని అడిగేవాళ్ళుంటారు, అడిగారు కూడా. నా జవాబు ఎల్నాతానే.

పైన చెప్పిన అక్బోరు కొడుకు ఎల్నాతాను, ప్రవక్తని ఐగుప్తు దాకా వెంటాడి చావుకి అప్పగించినవాడు. ఇప్పుడు 36వ అధ్యాయం. యెహోయాకీము అయిదో ఏడు, తొమ్మిదో నెల, చలికాలం. రాజు శీతకాలపు నగరులో కూచున్నాడు, ముందు కుంపటి మండుతోంది. బారూకు రాసిన పుస్తకపు చుట్టని యెహూది అనే కొలువు మనిషి చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో కోసి కుంపట్లో పడేస్తున్నాడు, మళ్ళీ చదువు, మళ్ళీ కోత, మొత్తం కాలిపోయేదాకా. చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ భయం లేదు, బట్టలు చింపుకోలేదు. ముగ్గురు మాత్రం కాల్చొద్దు అని రాజుని బతిమాలారు. దెలాయ్యా, గెమర్యా, ఎల్నాతాను. ఏ ఎల్నాతాను? ఆ అధ్యాయం 12వ వచనంలోనే రాసుంది, అక్బోరు కొడుకు. ఆ ఊరియాని పట్టుకొచ్చినవాడే.

ఇక్కడ కలపాలి. పేరూ తండ్రి పేరూ రెండూ కలిశాయి, కొలువూ అదే, రాజూ అతనే, కాబట్టి ఇది ఒక్క మనిషే. ప్రవక్తని చావుకి తెచ్చిన చేతులే ప్రవక్త పుస్తకాన్ని కాపాడాలని చూశాయి. మనసు మారిందా, ఊరియా రక్తం నిద్రపోనివ్వలేదా, లేకపోతే పుస్తకం కాల్చడం రాజకీయంగా మంచిది కాదని లెక్కేసుకున్నాడా, రాసినాయన ఒక్క ముక్క చెప్పడు. నాకు తెలిసి ఈ గ్రంథంలో ఇంతకంటే చిక్కు మనిషి లేడు, ఇతని మీద ఎవరూ ప్రసంగం చెప్పగా నేను వినలేదు. ఎందుకంటే తండ్రి పేర్లు దాటేసే అలవాటున్నవాడికి 26లో ఎల్నాతానూ 36లో ఎల్నాతానూ ఒకడే అని గట్టిగా చెప్పే ఆధారం చేతిలో ఉండదు. లేని పషూరు పశ్చాత్తాపం మాత్రం చెప్తాం, ఉన్న ఎల్నాతానుని వదిలేస్తాం. రెండో రాజులు 24లో యెహోయాకీము కొడుకు యెహోయాకీను తల్లి నెహుష్తా యెరూషలేము వాడైన ఎల్నాతాను కూతురు అని ఉంది. ఇతనే అయితే యెహోయాకీముకి పిల్లనిచ్చిన మామ అవుతాడు, రాజు ముందు నోరు విప్పే చనువు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమవుతుంది. చాలామంది పండితులు అతనే అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది, అయినా అక్కడ అక్బోరు పేరు లేదు కాబట్టి నా నోట్‌బుక్కులో పక్కన ప్రశ్న గుర్తు అలాగే ఉంచా.

29వ అధ్యాయం మీద ఎక్కువసేపు ఉండను, ఒక్కటి చెప్పి దాటేస్తా. బబులోనులో చెరలో ఉన్నవాళ్ళ మధ్య అబద్ధం ప్రకటించిన ఇద్దరి పేర్లు అహాబు, సిద్కియా. వీళ్ళని బబులోను రాజు అగ్నిలో కాల్పించాడు, ఆ కాల్చడం చెరపోయిన వాళ్ళ నోట శాపంగా మారింది. ఇద్దరి పేర్లూ రాజుల పేర్లే, అందుకే సండే స్కూల్లో పిల్లలు అహాబు రాజు కుక్కలు నాకిన రక్తం కథ, ఈ కాల్చిన కథ కలిపేసి చెప్తారు, పిల్లలు కాబట్టి పర్లేదు. వీళ్ళు కోలాయా కొడుకు అహాబు, మయశేయా కొడుకు సిద్కియా. ఆ పక్కనే నెహెలామీయుడైన షెమయా ఉన్నాడు, బబులోను నుంచి ఉత్తరం రాసి ఈ పిచ్చి యిర్మీయాని బొండలో ఎందుకు వెయ్యట్లేదు అని యాజకుడైన జెఫన్యాని నిలదీశాడు. ఊరియా తండ్రి ఒక షెమయా, చుట్ట కాల్చొద్దన్న దెలాయ్యా తండ్రి ఒక షెమయా, ఇతనొక షెమయా. ఒకరి కొడుకు ప్రవచించి చచ్చాడు, ఇంకొకరి కొడుకు పుస్తకం కోసం రాజుని బతిమాలాడు, మూడో ఆయన దొంగ ప్రవచనం చెప్పి ప్రవక్త మీద ఫిర్యాదు పంపాడు. ఆ ఉత్తరం అందుకున్న జెఫన్యా కూడా జెఫన్యా గ్రంథం జెఫన్యా కాదు, ఆయన కూషీ కొడుకు, ఇతను మయశేయా కొడుకు. ఇంతకీ ఈ జెఫన్యా ఆ ఉత్తరాన్ని యిర్మీయాకే చదివి వినిపించాడు, ఆ పని ఎందుకు చేశాడో తేల్చడం కంటే వీళ్ళ చుట్టరికాలు తేల్చడం తేలిక.

ఇక మట్టి ముద్రలు. కాగితంలాంటి పాపిరస్ చుట్టని దారంతో కట్టి, ముడి మీద తడి మట్టి ముద్ద పెట్టి, ఉంగరం ముద్ర కొట్టేవాళ్ళు. వేలి గోరంత ఉంటాయి. క్రీ.పూ. 586లో బబులోను వాళ్ళు యెరూషలేము తగలబెడితే చుట్టలు కాలిపోయాయి, మట్టి ముద్రలు మాత్రం మంటకి గట్టిపడి మిగిలాయి. 1982లో దావీదు పట్టణం తవ్వకాల్లో ఈగల్ షీలోకి ఒక్క ఇంట్లో 51 దొరికాయి. వాటిలో ఒకదాని మీద షాఫాను కొడుకు గెమర్యా అని ఉంది. బారూకు చుట్టని మొదట జనానికి చదివి వినిపించింది ఈ గెమర్యా గదిలోనే. 29లో బబులోనుకి యిర్మీయా ఉత్తరం మోసుకెళ్ళిన గెమర్యా వేరు, హిల్కీయా కొడుకు. ముద్ర మీద గెమర్యా అని మాత్రమే ఉంటే ఎవరిదో ఎవరూ చెప్పలేరు, షాఫాను అనే ఆ ఒక్క పేరు వల్ల ఇవాళ మనం నోరు తెరిచి చెప్పగలుగుతున్నాం. ఆ హిల్కీయా కూడా ధర్మశాస్త్ర గ్రంథం దొరికించుకున్న ప్రధాన యాజకుడే, ప్రవక్త యిర్మీయా తండ్రీ ఆయనే అని పాత వ్యాఖ్యాతల్లో కొందరన్నారు, ప్రధాన యాజకుడు సాదోకు వంశం, అనాతోతేమో సొలొమోను వేరే వంశపు యాజకుడైన అబ్యాతారుని వెళ్ళగొట్టి పంపిన ఊరు, ఆ రెండూ ఎలా కుదురుతాయో వాళ్ళే చెప్పాలి.

ఈ కలిపే కోరికకి బజారు కూడా ఉంది. 1970ల్లో పురాతన వస్తువుల మార్కెట్లోకి ఒక ముద్ర వచ్చింది, నేరీయా కొడుకు బెరెక్యాహు, లేఖికుడు అని, బారూకు అనేది ఆ పేరుకి పొట్టి రూపం. పేరు, తండ్రి, ఉద్యోగం మూడూ కుదిరాయి. తర్వాత అలాంటిదే ఇంకోటి వచ్చింది, దాని అంచు మీద వేలిముద్ర కూడా, అది బారూకుదే అని ఎంతమంది కళ్ళకద్దుకున్నారో. ఏ తవ్వకంలోనూ దొరికినవి కావు, 2014లో పరీక్షించిన పరిశోధకులు రెండూ నకిలీవే అని రాశారు. దొంగ సరుకు చేసేవాడికి మనం ఏ పేరుకి పడిపోతామో బాగా తెలుసు.

తవ్వకంలో దొరికినవి వేరే సంగతి. 2005లో ఎయిలాత్ మజార్ దావీదు పట్టణంలో తవ్విస్తే ఒక ముద్ర దొరికింది, షోవీ కొడుకు షెలెమ్యా, ఆయన కొడుకు యూకలు అని. 2008లో అక్కడికి దగ్గర్లోనే ఇంకోటి, పషూరు కొడుకు గెదల్యా. 38వ అధ్యాయం మొదటి వచనంలో పక్కపక్కన ఉన్న రెండు పేర్లు మట్టిలో కూడా దాదాపు పక్కపక్కన. దీని మీద వార్తలన్నీ బైబిలు నిజమైంది అనే దగ్గర ఆగిపోయాయి, నాకు మాత్రం ఆ షోవీ అనే పేరు చూసి పండగైంది. బైబిల్లో యూకలు తాత పేరు లేదు. ఇరీయా తండ్రి షెలెమ్యా హనన్యా కొడుకు, యూకలు తండ్రి షెలెమ్యా, ఈ ముద్ర మన యూకలుదే అయితే, షోవీ కొడుకు. అంటే 37లో గుమ్మం దగ్గర పట్టుకున్నవాడూ, 38లో చంపమన్నవాడూ ఒకే ఇంటి అన్నదమ్ములు అని ఎవరైనా పగ కథకి రెండో భాగం రాయాలనుకుంటే వేలి గోరంత మట్టి బిళ్ళ అడ్డం పడుతుంది. ఇంకా 36లో బారూకునీ యిర్మీయానీ పట్టుకోమని రాజు పంపిన అబ్దెయేలు కొడుకు షెలెమ్యా ఒకడు, యెహూది తాత షెలెమ్యా ఒకడు, వాళ్ళని ఇందులోకి లాగట్లేదు.

గెదల్యా ముద్ర మీద మాత్రం తాత పేరు లేదు, పషూరు దగ్గరే ఆగిపోయింది. బొండలో వేయించిన ఇమ్మేరు కొడుకు పషూరు కొడుకే ఈ గెదల్యా అని, తండ్రి మొదలుపెట్టింది కొడుకు ముగించాడని చాలా పుస్తకాల్లో కనపడుతుంది. అయ్యుండొచ్చు. మల్కీయా కొడుకు పషూరైతే అదే వచనంలో పక్కనే నిలబడి ఉన్నాడు, తండ్రీకొడుకులైతే రాసినాయన ఇద్దరి మధ్యలో యూకలుని పెట్టి ఇలా విడగొట్టి రాస్తాడా అనేది నా అనుమానం. కానీ మూడో పషూరు ఉండకూడదని రూలేం లేదు కదా, షెలెమ్యాలు నలుగురున్న ఊళ్ళో. కాబట్టి నా నోట్‌బుక్కులో గెదల్యా ఎదురుగా తాత గడి ఖాళీ. ఎవరైనా ప్రసంగంలో ఆ గడి నింపి చెప్తే ఆరాధన అయ్యాక బయట చెప్పులేసుకునే దగ్గర ఆపి అడుగుతా, ఏ వచనం అని.